సుంకమ్మ పిలుపు

తిమ్మన్న కొత్త ఫోన్‌ను కౌంటర్ మీద విసురుగా పడేశాడు. “ఇది పనికిరాని ఫోను. వాపస్ తీసుకో.”

“ఏమైందన్నా? ఈ రేటుకి ఇంత గట్టిగా పలికే ఫోను బుక్కరాయసముద్రంలో ఇంకెవరూ ఇయ్యరు,” అన్నాడు షాపు యజమాని భరత్‌కుమార్.

“గట్టిగా పలికితే సరిపోతాదా? గొర్రెలు రావద్దా?”

భరత్‌కుమార్ తెల్లమొహం వేశాడు. పక్కనే ఉన్న తిమ్మన్న కూతురు హేమావతి ఫోన్ తీసుకుని, పాత ఫోన్‌లోంచి ఎక్కించుకున్న రికార్డింగ్ నొక్కింది. చనిపోయిన తన తల్లి సుంకమ్మ గొంతు షాపంతా మోగింది.

“దా... దా... దా నాయమ్మా...”

“విన్నావా?” అని అరిచాడు తిమ్మన్న. “పాత ఫోన్లో ఇది పెడితే మందంతా తిరుక్కోని వస్తాండె. దీంట్లో పెడితే ఒక్కటి గూడా తల ఎత్తదు! నా పెండ్లాం గొంతు పాడు చేసింది నీ ఫోను!”

“ఆయప్ప మీద అరిస్తే ఏమొస్తాది నాయనా?” అంది హేమావతి. “అమ్మ మేపిన గొర్రెలన్నిట్నీ మేత దొరక్క అమ్మేస్తిమి గదా. ఇవి మొన్న కొన్నవి. అమ్మ గొంతు ఈటికేం తెలుసు?”

“నువ్వు నాకు చెప్పొచ్చినావా!” కూతురి మీద కూడా ఎగిరి, తిమ్మన్న విసవిసా బయటికి నడిచాడు.

భరత్‌కుమార్ ఫోన్ అందుకోబోతే వేలు తగిలి ఆ గొంతు మళ్లీ మోగింది.

“దా... దా...”

మెట్టు దిగిన తిమ్మన్న ఆగాడు. వెనక్కి తిరిగి కౌంటర్ దాకా వచ్చాడు.

“ఇట్లియ్యి,” అన్నాడు ఇంకా కోపంగానే. “ఫోను బాగానే ఉండాది.”