ఇసుక సంచీ

"ఆ టవల్ విప్పు నాయనా. సంచీ నేనొకసారి చూస్తాను," అంది రత్నకుమారి.

"సంచి సూసుడెందుకమ్మా? నొప్పి బిల్ల ఏసుకొని అరగంటైంది గదా, ఇగ లేపున్రి. మోకాలు జర నిటారుగ వెట్టున్రి," అన్నాడు ఫిజియో సాంబయ్య, టవల్‌లో చుట్టిన ఇసుక సంచీని ఆమె చీలమండకి కడుతూ.

కాలు లేచింది. పదిసార్లూ లేచింది. రత్నకుమారి అనుమానమల్లా అదే.

మోకీలు మార్పించుకుని ఉప్పల్ ఆసుపత్రి నుంచి నాచారం ఇంటికొచ్చిన కొత్తలో ఈ అరకిలో సంచీయే ఆమెని ఏడిపించింది. "దీనికి గ్రాము పెంచినా కాలు కదపను," అని ఆ రోజే అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు నొప్పి బిళ్ళలు మూడు నుంచి ఒకటికి దిగాయి. కాలు అడగ్గానే లేస్తోంది. ఆరు వారాల్లో అంత బలం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

రెండో మోకాలి ఆపరేషన్ సంగతి సోమవారం డాక్టరుకి చెప్పాలి. మొదటిది నిజంగా బాగుపడితేనే రెండోది చేయించుకుంటానంది తను. అందుకే కాబోలు ఈ నాటకం!

కోడలు స్నిగ్ధ రోజూ గేటు దగ్గర సాంబయ్యతో గుసగుసలాడుతోంది. టవల్ అంచున కనబడే సంచీ కుట్టు మొన్నటిదాకా నల్లదారం, ఇప్పుడు తెల్లదారం. పైగా వంటింటి గడప దగ్గర ఇసుక.

"ఇదెక్కడిదే?"

"పక్కవాళ్ళు మేడ కడుతున్నారుగా అత్తయ్యా. చెప్పులకంటుకుని వచ్చుంటుంది."

"మనింట్లో చెప్పులు వంటింటిదాకా ఎప్పట్నుంచి వస్తున్నాయమ్మా?"

స్నిగ్ధ నవ్వేసి చీపురందుకుంది.

ఇంకేం కావాలి? ఇసుక తీసేస్తున్నారు!

మర్నాడు కోడలు కూరలకెళ్ళగానే వీధిలో "పాత పేపర్లు, ఇనుప సామాన్" అని కేక వినబడింది. రత్నకుమారి వాకర్ పట్టుకుని వరండాలోకొచ్చి అతన్ని పిలిచింది.

"ఆ కుర్చీ కింద టవల్‌లో సంచీ ఉంది, తూచు బాబూ."

అతను విప్పి చూశాడు. "ఇసుక మేం కొనం పెద్దమ్మా."

"నీకెవరమ్ముతున్నారు? అది అరకిలో ఉండాలి. ఎంత తగ్గించారో చెప్పు, చాలు."

అతను సంచీని కాటా కొక్కేనికి తగిలించి ముల్లు చూశాడు. తర్వాత ఆమెని చూశాడు.

"తగ్గుడేంది పెద్దమ్మా, మూడు కిలోలున్నది!"