గుమ్మం పట్టని చెక్కు

చెక్కు గుమ్మంలో పట్టలేదు.

అది అట్ట చెక్కు. బ్యాంకులో చెల్లదు, ఫొటోలో చెల్లుతుంది. మంచమంత పొడుగుంది. దాని మీద ఇచ్చే సొమ్ము కన్నా ఇచ్చేవారి పేరే పెద్దక్షరాల్లో ఉంది. వంటమనిషి దాన్ని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పుతూ చెమటలు కక్కుతోంటే, మహిళా సేవాసమితి అధ్యక్షురాలు వెనక నిలబడి సలహాలతో సాయం చేస్తోంది.

"మెల్లగా. మూల నలిగిందంటే ఫొటోలో నలిగేది నా పరువు."

ఆవిణ్ణి చాటున అందరూ మైకమ్మ అంటారు. మైకు దొరికితే ఆవిడకు మైకం, వినేవాళ్ళకు మూర్ఛ. పేద ఆడవాళ్ళకు చిన్న చిన్న అప్పులిచ్చి నిలబెట్టే ఒక ధర్మసంస్థకు ఆ సాయంత్రం ఆవిడ విరాళమిస్తోంది. దానం చేతిలో, ధ్యానం కెమెరా మీద.

వంటమనిషి చెక్కును గోడకు ఆనించి, గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, రేపు పొద్దున్నే వాయిదా కట్టాలండి. ఆ డబ్బు సంగతి..."

కుట్టుమిషను కొనుక్కుంటానని ఆమె కూడా ఆ సంస్థలోనే అప్పు తీసుకుంది. అక్కడి పద్ధతి ఒకటుంది. అయిదుగురు ఆడవాళ్ళు ఒక జట్టు. ఒకరికొకరు పూచీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. కిందటి వాయిదా ఆమె బదులు, జట్టులోనే ఉన్న కూరలమ్మే వదిన కట్టింది. రేపు కూడా తప్పితే జట్టు మొత్తానికి కొత్త అప్పులు బంద్. తోపుడుబండి కోసం ఎదురుచూస్తున్న ఆ వదినకూ బంద్.

"బయల్దేరేటప్పుడా ఈ గోల?" అంది మైకమ్మ.

సోఫాలో కూర్చుని చేతి అద్దంలో తనను తాను మెచ్చుకుంటున్న కార్యదర్శి తలెత్తింది. "అడ్వాన్సులు అలవాటు చెయ్యకండి వదినా. తర్వాత జీతం మర్చిపోయి అడ్వాన్సే అడుగుతారు."

"చూశావుగా. చెయ్యి చాపడం వీళ్ళకు వ్యాయామమైపోయింది."

వంటమనిషి నోరు తెరిచింది. అమ్మగారు చూసిన చూపుకు మూసేసింది.

విరాళానికి అన్నయ్యగారు ఎలా ఒప్పుకున్నారని కార్యదర్శి ఆరా తీసింది. న్యాయమైన అనుమానమే. ఆ ఇంటాయనకు పైసా తీస్తే పైప్రాణం పోతుంది. ఆయన్ని అడగనే లేదనీ, తనే ఎలాగో సర్దుకున్నాననీ చెప్పి మైకమ్మ చెక్కు వైపు తిరిగింది. చివరికి తలుపు రెక్క ఊడదీస్తే గానీ దానం ఇల్లు దాటలేదు.

సభలో ముందుగా, పేద స్త్రీలకు ఎన్ని రకాలుగా తోడ్పడవచ్చన్న చర్చ జరిగింది. చెప్పుల్లేని వాళ్ళ కోసం కొత్త బూట్లు కొనుక్కుని నడుద్దామని ఒకావిడ అంది. ఆకలితో ఉన్నవాళ్ళ కోసం కొవ్వొత్తుల వెలుగులో విందు చేసుకుందామని ఇంకొకావిడ అంది. కార్యదర్శి చినుగుల దుస్తులతో ఫ్యాషన్ షో పెడదామంది. చినుగులు మంచి దర్జీ చేత వేయించాలట.

సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి గుడ్డ సంచీ ఒళ్ళో పెట్టుకుని అన్నీ వింది. తన వంతు వచ్చాక, నెలనెలా కొంచెం ఇచ్చినా చాలంది. ఆ ఆడవాళ్ళు కుట్టినవీ అల్లినవీ బేరమాడకుండా కొనమంది. ఇచ్చిన డబ్బు అప్పుగా వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకో ఇంట్లో పొయ్యి వెలిగిస్తుందని చెబుతుండగానే మైకు చేయి మారింది.

"తిరిగొచ్చేది దానమెలా అవుతుందమ్మా?" అంది మైకమ్మ. "కరుణలోనే రుణం ఉంది, కాదనను. కానీ నా కరుణ నాకు తిరిగి రానక్కర్లేదు."

చప్పట్లు. చప్పట్లు పడితే ఆవిడకు ఆనకట్ట ఉండదు. తనకు పేదా గొప్పా తేడా లేదనీ, పోయిన నెలలో స్వయంగా వంటగదిలోకి వెళ్ళి వంటమనిషిని "అక్కా" అని పిలిచాననీ ప్రకటించింది. సమానత్వం వంటగది దాకా నడిచివెళ్ళినందుకు హాలంతా మురిసిపోయింది.

తర్వాత ఫొటోలు. అట్ట చెక్కుకు ఆ కొసన సంస్థ అమ్మాయి, ఈ కొసన చెక్కుచెదరని చిరునవ్వుతో మైకమ్మ. ఫొటోగ్రాఫర్ చాలన్నా ఆవిడకు చాల్లేదు. అసలు సొమ్మున్న కవరు మాత్రం ఆ సందట్లోనే అమ్మాయి చేతికిచ్చేసింది. కవరు ఫొటోలో ఆనదు కదా.

వడ్డీల మాట ముగిసి వడ్డన మొదలైంది. టీ పోస్తున్న వంటమనిషి, అమ్మగారు కప్పు కోసం రాగానే మళ్ళీ కదిపింది.

"వదిన ఇంక కట్టలేనందండి. రేపు సగమైనా..."

"అందరి ముందూ అడుక్కోకు. నా పరువు తియ్యకు" అని పళ్ళ మధ్య నుంచి చెప్పి, అదే పళ్ళతో పక్కవాళ్ళకు నవ్వు పంచుతూ మైకమ్మ వెళ్ళిపోయింది.

సంస్థ అమ్మాయి కవరు పట్టుకుని టీ బల్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"నువ్వా అక్కా? పనిచేసేది వీళ్ళింట్లోనా?"

వంటమనిషి తలూపింది.

"రేపు కడతావా?"

వంటమనిషి ఇంకో కప్పులో టీ పోసింది.

"మిషను చూద్దామని మీ ఇంటికొచ్చాను. మిషనే లేదు. కొన్నావా అసలు?"

"లేదండి."

"నీ మీద నమ్మకంతో నలుగురు పూచీ ఉన్నారక్కా. మేమిచ్చిన డబ్బు ఏం చేశావు?"

వంటమనిషి టీ కెటిల్ దించింది. తడి చెయ్యి తుడుచుకుంది. వేదిక మీద మళ్ళీ ఫొటో దిగుతున్న అమ్మగారి వంక ఒకసారి చూసింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"మీ చేతిలో ఉన్నది అదేనండి."