బొమ్మలు తీసేసిన పేజీ

ఎవరూ చదవని వాక్యాన్ని సరిదిద్దడం పని అవుతుందా, లేక పనిచేస్తున్నానని తనను తాను నమ్మించుకోవడమా?

అతను ఆ ప్రశ్నను పక్కకు నెట్టి మరో వాక్యం అందుకున్నాడు. ప్రోగ్రామర్లు కోడ్ రాసుకోవడానికి వాడే ఎడిటర్‌కు సహాయ పేజీ అది. ఒక ఫంక్షన్ పేరు దగ్గరినుంచి దాన్ని రాసిన చోటికి ఎలా దూకాలి, తిరిగి ఎలా రావాలి, అంతే విషయం. "ఎడమవైపు పసుపు బాణాన్ని నొక్కండి" అన్నది కొట్టేసి, కీబోర్డులో ఏ కీలు కలిపి నొక్కాలో రాశాడు. "కింది బొమ్మలో చూపినట్టు" అన్నదీ పోయింది. బొమ్మా పోయింది.

"గురువుగారూ!"

ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్ తీశాడు. టీమ్ లీడర్.

"ఆ పాటలు కాస్త ఆపి చెప్పండి. బొమ్మలన్నీ ఎక్కడ పాతిపెట్టారు?"

"మాటల్లో రాశాను సార్. బొమ్మ లేకపోయినా అర్థమవుతుంది."

"చూడగానే తెలిసేదానికి పురాణం విప్పారు!"

పక్క సీట్లోని టెస్టర్ కిసుక్కున నవ్వింది. "ఆయన కోడ్ మానేసి రచయిత అయ్యారు సార్, వదిలెయ్యండి."

"మీటింగులోగా బొమ్మలు తిరిగి రావాలి. లేదంటే ఈ పని ఈవిడకిస్తాను. ఆపైన మీకివ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు."

ఒకప్పుడు ఆ ఎడిటర్‌లోని కమాండ్లను రాసింది అతనే. తనంతట తానే అడిగి ఈ సహాయ పేజీల మూలకు మారాడు. ఎందుకని అడిగితే, విసుగొచ్చిందన్నాడు. ఉన్నది పోవడంకంటే పోయిందని ఒప్పుకోవడమే మనిషికి బరువు కాబోలు.

ఫోన్ మోగింది. భార్య.

"చెప్పారా?"

"చెబితే ఇంటికి పంపేస్తారు."

"చెప్పకపోతే మాత్రం ఉంచుతారా? ఎన్నాళ్లని నెట్టుకొస్తారండీ ఇలా?"

"ఈ పేజీ ఒక్కటీ నిలబడితే చాలు."

"అదెందుకు నిలబడాలో వాళ్లకు తెలియద్దూ?"

అతను ఫోన్ పెట్టేశాడు. బొమ్మలు తిరిగి పెట్టడం క్షణం పని. పెడితే ఉద్యోగం ఇంకొన్నాళ్లు మిగులుతుంది. పేజీ మాత్రం తనకే పరాయిదవుతుంది. మిగిలినదానితో ఏం చేసుకోవాలి?

"మీటింగ్! అందరూ రండి!"

కుర్చీలు జరిగాయి. ఎప్పుడూ అందరికంటే ముందే వెళ్లి కూర్చునే మనిషి, ఈసారి కదలలేదు. ఇయర్‌ఫోన్‌లోని యంత్రపు గొంతు పేజీని చివరిదాకా చదివి వినిపించాక, ఉన్నదున్నట్టుగా పంపేశాడు. ఇక దాచకూడదనుకున్నాడు. లేచాడు.

సంచిలోంచి తెల్లకర్ర తీసి విప్పి, అందరి మధ్యా దారి తడుముకుంటూ నడిచాడు.