తోక

“కదలండి బాబూ, మీకు దణ్ణం పెడతా! ఇక్కడే కాపరం పెడతారా ఏమిటి?”

దర్జీ ఆవిడ అరుపుకి పొదలోంచి రెండు పిట్టలు లేచిపోయాయి. పెద్దాయన మాత్రం కదల్లేదు. బండ మీద కాలు పెట్టి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. ఇది మూడోసారి. ఆ లేసుకి ఏం రోగమో దేవుడికే తెలియాలి!

“మీరు పదండమ్మా. నేను వెనకాలే వస్తా,” అన్నాడు తల ఎత్తకుండా.

“కుదరదు. మీరే ముందు నడవండి.”

“తొందరేం లేదు. ఆయాసం తీరనివ్వండి.”

ఆయాసమా! వారమంతా కుట్టుమిషను తొక్కే కాళ్లకి ఆయాసమా! ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

ఈ నడక క్లబ్బులో అందరికంటే వెనక నడిచే మనిషిని తోక అంటారు. తన వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకోవడమే తోక పని. తోక ఎవరో బయటికి చెప్పకూడదు, నెమ్మదిగా నడిచేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకే విజిలు కూడా స్వెట్టరు లోపలే దాచుకోవాలి. నాలుగేళ్ల కిందట పాత ప్రెసిడెంటు గుట్టుగా చేతికి విజిలు ఇచ్చిన దగ్గర్నుంచీ ఆ తోక ఈవిడే.

సరిగ్గా ఒంటిగంటకి ప్రెసిడెంటు కొండ కొసన అందరినీ నిలబెట్టి ఫొటో తీసి, పొడుగ్గా విజిలు ఊదుతాడు. అది వినిపిస్తే ఎక్కడివాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. క్లబ్బు గదిలో గోడ నిండా ఆ ఫొటోలే, ఒక్కదాంట్లోనూ ఈవిడ లేదు. నిన్న రాత్రి కూతురు అననే అంది, “అసలు కొండెక్కుతున్నావా అమ్మా, కింద కూర్చుని కబుర్లు చెప్పి వస్తున్నావా?” అని. ఇవాళ ఎలాగైనా ఫొటోలో పడి తీరాలని పంతం పట్టి వచ్చింది. తీరా చూస్తే, కొత్తగా చేరిన ఈ మహానుభావుడు తగులుకున్నాడు.

“పన్నెండున్నర అయింది. పైవాళ్లు మన కోసం కూర్చుంటారనుకున్నారా?”

“వస్తున్నాగా!” అని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి మళ్లీ ఆగాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి గుక్కెడు తాగాడు. “మీరూ తాగండి. కాసేపు కూర్చుంటారా?”

“నేను కూర్చోను!”

“అలా కోప్పడితే ఇంకా అలసిపోతారు.”

“నా అలసట సంగతి మీకెందుకండీ? మీ కాళ్ల సంగతి చూసుకోండి!”

ఆయన ముఖం కూడా ఎర్రబడింది. చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ తీసేశాడు. ఇంకో పది అడుగులు, మళ్లీ ఆగడం. ఇదిగో ఈ మలుపు తిరిగితే కొసే. పైనుంచి జనం నవ్వులు వినిపిస్తున్నాయి, ఎవరో “ఇటు జరగండి, ఇటు!” అంటున్నారు. పరిగెత్తి వెళ్లి ఆ వరసలో నిలబడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. కానీ దారికి అడ్డంగా ఈయన, వంగి మళ్లీ ఆ లేసే!

విజిలు మోగింది, పొడుగ్గా.

దర్జీ ఆవిడ చేతికర్ర నేలకేసి కొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“అయిపోయింది! మీ పుణ్యమా అని ఇవాళా అయిపోయింది! ఎక్కలేనివాళ్లు ఇంట్లో కూర్చోవచ్చుగా? కొండలెందుకు మీకు? ఇంకొకళ్ల ఉసురు పోసుకోడానికా?”

పెద్దాయన చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆ లేవడంలో ముసలితనం ఏమీ కనపడలేదు.

“ఎక్కలేనివాణ్ణా? నేనా? ముప్పై ఏళ్లు ఊరంతా కాలినడకన ఉత్తరాలు పంచినవాణ్ణమ్మా! పొద్దుటినుంచి మీ కోసం నత్తలా పాకుతుంటే, పైగా నన్నే తిడతారా?”

“నా కోసమా?”

ఆయన చొక్కా లోపల చెయ్యి పెట్టి, ధగధగలాడే కొత్త విజిలు బయటికి లాగాడు.

“మీ కొత్త ప్రెసిడెంటే ఇచ్చాడు! ‘ఒకావిడ ఉంది, నాలుగేళ్లలో ఒక్కసారీ పైకి చేరలేదు, పాపం కాళ్లలో సత్తువ లేదు, ఆవిణ్ణి వదిలి రాకండి, ఇవాళ్టినుంచి తోక మీరే’ అన్నాడు!”