తిట్టే పట్టీ

షుగరుకి కొత్త మందు ట్రయల్‌లో చేరినవాళ్లు, చేతికి అంటించే పట్టీ షుగరు పెరిగినప్పుడు ఎవరి గొంతుతో హెచ్చరించాలో ఎంచుకోవచ్చు. మంగతాయారు తన తోడికోడలు వెంకాయమ్మ గొంతు పెట్టించుకుంది. ఒకే వంటింట్లో జీవితమంతా తనతో పోట్లాడి, నిరుడే పోయింది ఆవిడ.

రోజూ సాయంత్రం ఈవిడకి షుగరు పెరుగుతోందేమిటా అని ట్రయల్ నర్సు నస్రీన్ ఇంటికొచ్చింది. ఆమె ఎదుటే మంగతాయారు కాజా తింది. పావుగంట తిరిగేసరికి పట్టీ అరిచింది.

"సిగ్గులేదటే నీకు? మళ్లీ తింటన్నావా?"

"తింటాను, నీకేంటంట!" మంగతాయారు మొహం వెలిగిపోయింది.

నస్రీన్ రెండో కాజా లాక్కుంది. "మామ్మగారూ, ఇలాగైతే ట్రయల్‌లోంచి తీసేస్తారండి. పోనీ, గొంతు మార్చమంటారా?"

మంగతాయారు పట్టీని అరచేత్తో కప్పుకుంది.

"వద్దమ్మా. ఇంక తీపి ముట్టను గానీ, షుగరు బాగున్నప్పుడు కూడా నన్ను తిట్టమని చెప్పు దానికి."