ఉయ్యాల మీద పిట్టలు

సూది మళ్ళీ వేలికి గుచ్చుకుంది.

టీచరమ్మ వేలు నోట్లో పెట్టుకుని, చేతిలోని గుడ్డ పిట్టను మంచం మీదికి విసిరేసింది.

"కాస్త నిదానంగా కుట్టవే. ఎవరు తరుముతున్నారు నిన్ను?" అంది పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ.

"కుట్టకపోతే ఏం చెయ్యను? ఈ గోడలు చూస్తూ కూర్చోనా?"

రక్తపోటు పెరిగిందని డాక్టరు ఆమెను కాన్పుల వార్డులో చేర్చుకున్నాడు. నెలలు నిండేదాకా మంచం దిగొద్దన్నాడు. బడిలో గదినిండా పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, తనను తాను మాత్రం ఒకచోట కూర్చోబెట్టుకోలేకపోతోంది.

కిందటిసారి కడుపు ఐదో నెలలోనే పోయింది. అప్పుడు బిడ్డ కోసం ఒక్క గుడ్డముక్కయినా కత్తిరించలేదు. ఈసారి చేతులు ఊరుకోవడం లేదు. ఇంట్లోని పాత పరదాలన్నీ తెప్పించుకుని, ఉయ్యాల మీద వేలాడదీయడానికి పిట్టలు కుడుతోంది. కుట్టింది నచ్చక విప్పేస్తోంది. విప్పినదాన్ని చూసి దిగులుపడి మళ్ళీ కుడుతోంది.

"ఇవి పిట్టలా, వంకాయలా?" వాళ్ళమ్మ అడిగింది.

"పిట్టలే."

"ఊరికే అడిగాలే. రేపు నీ బిడ్డ అడిగితే చెప్పాలిగా."

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. దారం కట్టి పైకెత్తితే, ప్రతి పిట్టా ముక్కు పైకెత్తుకుని తోక మీద నిలబడుతోంది.

మధ్యాహ్నం వాళ్ళమ్మ కునుకు తీస్తుంటే, టీచరమ్మ ఒక పిట్టను పట్టుకుని చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

"తోక బరువైందండీ," అంది బల్ల చివర్న కూర్చున్నామె.

పచ్చ శాలువా కప్పుకున్న ఆ మనిషిని టీచరమ్మ రోజూ చూస్తూనే ఉంది. వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, లోపలి గదుల వైపు వెళ్తుంది, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోతుంది. ఎవరి తాలూకో తెలియదు.

"దూది ఎక్కువ కూరారు. దారం కూడా మెడకు వేశారు. ఏదీ, ఇలా ఇవ్వండి."

ఆమె కుట్టు కాస్త విప్పి, చిటికెడు దూది లాగేసి, దారాన్ని వీపు మీదికి మార్చి పైకెత్తింది. పిట్ట తిన్నగా నిలిచింది. రెక్కలు ఇప్పుడే చాపినట్టుంది.

టీచరమ్మ నవ్వింది. వార్డులో చేరాక అదే మొదటి నవ్వు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నేనూ కుట్టాను. నావి చేపలు."

"పాపా, బాబా?"

"బాబు," అంది ఆమె. ఇంకేదో చెప్పబోయి, శాలువా సర్దుకుని లేచింది.

ఆమె అటు వెళ్ళగానే వార్డు ఆయా ఇటు వచ్చింది.

"ఆవిడతో మాటలేంటమ్మా? ఆవిడ బాబు పుట్టిన వారానికే పోయాడు. ఇల్లు పట్టక ఇక్కడిక్కడే తిరుగుతోంది, పాపం."

టీచరమ్మ చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. గదిలోకి వచ్చి, కత్తెర తీసి, ఆ పిట్ట కుట్లన్నీ కత్తిరించేసింది.

"అన్నిట్లోకీ అదే బాగుందిగా?" అంది అప్పుడే లేచిన వాళ్ళమ్మ.

"నాకు నచ్చలేదు."

మర్నాడు పచ్చ శాలువా ఆమె గుమ్మం దాకా వచ్చింది. గుప్పెడు రంగు దారాలు చాపింది.

"నా దగ్గర మిగిలాయండీ. మీకు పనికొస్తాయేమోనని."

"వద్దండీ."

"వాడినవి కావు. కొత్తవే."

"వద్దన్నానుగా. మీరు నా వస్తువులు ముట్టుకోకండి."

ఆమె దారాలు మెల్లగా చుట్టుకుని సంచిలో వేసుకుంది.

"నాకూ అలాగే భయమేసేదండీ. మీకు మాత్రం అంతా బాగా జరుగుతుంది," అని లోపలి గదుల వైపు వెళ్ళిపోయింది.

ఆ మాట కూడా టీచరమ్మకు ముల్లులానే దిగింది. ఆ తర్వాత ఏ పిట్టా పూర్తి కాలేదు.

ఆ వారంలోనే రక్తపోటు చెయ్యి దాటింది. హడావుడిగా ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. అద్దాలపెట్టెలో పెట్టారు. టీచరమ్మ జ్వరంతో కాలిపోతూ, తెలివి వచ్చినప్పుడల్లా "పాప ఉందా?" అని అడిగేది. వాళ్ళమ్మ "ఉందే, ఉంది" అని చెప్పిచెప్పి గొంతు పోగొట్టుకుంది.

జ్వరం దిగాక సిస్టర్ ఆమెను చక్రాల కుర్చీలో పాప దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దాలపెట్టె కిటికీలోంచి వేలు పెడితే, పాప ఆ వేలును పట్టుకుని వదల్లేదు.

"ఒళ్ళు చేస్తోందండీ. ఇక భయం లేదు," అంది సిస్టర్.

తిరిగి వస్తుంటే వరండాలో బల్ల ఖాళీగా కనిపించింది.

"పచ్చ శాలువా ఆవిడ రాలేదా?"

"ఇక రారండీ. వాళ్ళాయనకు బదిలీ అయింది. నిన్ననే ఊరు వదిలి వెళ్ళిపోయారు."

"ఏ ఊరో తెలుసా?"

"అడగలేదండీ."

"ఆవిణ్ణి ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది," అంది టీచరమ్మ. "అసలే ఇల్లు పట్టక తిరుగుతున్న మనిషి."

సిస్టర్ కుర్చీ ఆపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మేం చెప్పకూడదు గానీ, ఆమె వచ్చేది ఇల్లు పట్టక కాదండీ. నిన్న కూడా సామాన్ల బండిని గేటు దగ్గర ఆపించి మరీ లోపలికొచ్చింది. మీకు జ్వరం దిగేదాకా మీ పాప తాగింది ఆమె ఇచ్చిన పాలే."