అండమాన్ వెళ్లే పక్కింటావిడ

పోర్ట్‌బ్లెయిర్‌లో మేస్త్రీ పని చేసే శాంతికుమార్ ఎల్లుండి విశాఖలో ఓడెక్కాలి. ఆరాధనకు ముందు, బారువ చర్చి మెట్ల మీద మేనమరదలు దోర్కాస్ మళ్లీ పట్టుకుంది. వాళ్ల పక్కింటావిడ అండమాన్ వెళ్తోందట. ఆవిడ పుణ్యమా అని దోర్కాస్ పది రోజులుగా అతనితో మాట్లాడుతూనే ఉంది.

"ఓడలో వాంతులవకుండా ఏటి సెయ్యాల, బావా?"

"నిమ్మకాయ వాసన సూడమను. అక్కడ గవ్వలు ఏరి దాసుకోవద్దను, తిరిగొచ్చినప్పుడు లాక్కుంటారు. అయిదింటికే సీకటి పడిపోద్ది, బెంగెట్టుకోవద్దను."

"హిందీ రాకపోతే?"

"బజార్లో సగం మంది మనోళ్లే. ఇంతకీ ఆవిడ ఎప్పుడెల్తాది?"

దోర్కాస్ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నువ్వు టిక్కెట్టు మార్సుకుంటే నీతోనే ఎల్తాది. మన పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు సదవాల కదా. మొదటిది ఇయ్యాలే. మీ అమ్మా, నేనూ కలిసి పాస్టరుగారికి కాయితం ఇచ్చేసినాం."

గట్టి నేల మీద నిలబడ్డ శాంతికుమార్‌కి అప్పుడే నిమ్మకాయ కావాల్సొచ్చింది.